హోమీ భాభా: శంషాబాద్ విమానాల పైన కురిసే కనిపించని వానకు లెక్క కట్టారు.. డార్క్ మ్యాటర్ వేటకు ఇప్పుడు అదే ఆధారం!

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి రోజూ వందల విమానాలు లేస్తుంటాయి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో అవి ఎగురుతుంటే, అంతకంటే పైన మరో పని జరుగుతూ ఉంటుంది. అంతరిక్షం నుంచి దూసుకొచ్చిన కణాలు గాలిని ఢీకొంటాయి. ముక్కలవుతాయి. ఆ ముక్కల నుంచి మళ్లీ కొత్త కణాలు పుడతాయి. ఇదంతా వానలా కిందకు కురుస్తుంది.

విమానంలో కూర్చున్న వాళ్లకు ఈ వాన నేల మీద కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తగులుతుంది. నేల మీద ఉన్నా తప్పించుకోలేం. చెక్-ఇన్ క్యూలో నిలబడి అరచేయి చాపితే, సెకనుకు దాదాపు ఒక కణం చేతిలోంచి దూసుకుపోతుంది. నొప్పి ఉండదు, మచ్చ ఉండదు, మనకు తెలియను కూడా తెలియదు.

ఈ వాన ఎలా మొదలవుతుంది, ఎలా పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది అనే లెక్కను ప్రపంచానికి ఇచ్చిన వాళ్లలో ఒకరు హోమీ జహంగీర్ భాభా. అణుశక్తి కార్యక్రమానికి పితామహుడిగా ఆయన అందరికీ తెలుసు. విమాన ప్రమాదంలో చనిపోయారనీ తెలుసు. కానీ అంతకు ముందే ఆయన చేసిన ఒక పని గురించి పెద్దగా మాట్లాడుకోం. విశ్వంలో దాక్కున్న డార్క్ మ్యాటర్ జాడ పట్టేందుకు సైంటిస్టులు ఇప్పుడు వాడుతున్న పద్ధతుల్లో ఒకటి ఆయన లెక్క మీదే నడుస్తోంది. అందులో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది.

ఇంజినీర్ కావాల్సిన కుర్రాడు

భాభా 1909 అక్టోబర్ 30న ముంబైలో పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి జహంగీర్ లాయర్. మేనత్త మెహెర్‌బాయి టాటాల ఇంటి కోడలు, దొరాబ్జీ టాటా భార్య. ఇంట్లో పుస్తకాలు, పెయింటింగ్స్, సంగీతం రికార్డులు.. దేనికీ లోటు లేదు.

1927లో ఆయన్ను ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జికి పంపారు. ఇంట్లో వాళ్ల ప్లాన్ క్లియర్‌గా ఉంది. మెకానికల్ ఇంజినీరింగ్ చదవాలి, తిరిగొచ్చి జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్‌లో చేరాలి. కానీ అక్కడికి వెళ్లాక కుర్రాడి మనసు ఫిజిక్స్ వైపు లాగింది. ఇంజినీరింగ్ తనకు సరిపడదని తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి కాదనలేదు, అలాగని వెంటనే ఒప్పుకోనూ లేదు. ఒక షరతు పెట్టారు. ముందు ఇంజినీరింగ్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంటే, ఆ తర్వాత మ్యాథ్స్ చదివిస్తానన్నారు. 1930లో భాభా ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నారు. షరతు తీరిపోయింది.

1933: ఒకే ఏడాది రెండు పేపర్లు

అప్పట్లో కేంబ్రిడ్జి అంటే ఫిజిక్స్‌కు కేంద్రం. పాల్ డిరాక్ అక్కడే ఉన్నారు. ఎలక్ట్రాన్‌కు అచ్చం దాని లాంటిదే, కానీ ఎలక్ట్రిక్ చార్జ్ మాత్రం ఉల్టాగా ఉండే జంట కణం ఉండాలని డిరాక్ లెక్కలు చెప్పాయి. 1932లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్ దాన్ని నిజంగానే పట్టుకున్నారు. అదే పాజిట్రాన్. అది దొరికింది కూడా ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్లోనే.

ఆ మరుసటి ఏడాది, 1933లో, భాభా తొలి రీసెర్చ్ పేపర్ వచ్చింది. కాస్మిక్ కిరణాలు పదార్థంలో ఎలా ఇంకిపోతాయన్నదే అందులో విషయం.

సరిగ్గా అదే ఏడాది ఫ్రిట్జ్ జ్వికీ అనే ఖగోళ శాస్త్రవేత్త మరో పేపర్ రాశారు. కోమా అనే గెలాక్సీల గుంపును ఆయన గమనించారు. అందులోని గెలాక్సీలు ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే, కంటికి కనిపించే పదార్థం ఒక్కటే ఉంటే ఆ గుంపు ఎప్పుడో చెల్లాచెదురు కావాలి. కాలేదంటే, కనపడనిది ఏదో వాటిని పట్టి ఉంచుతోంది. డార్క్ మ్యాటర్ కథ అక్కడ మొదలైంది. విశ్వం మొత్తంలో మనకు తెలిసిన మామూలు పదార్థం సుమారు 5 శాతమే. డార్క్ మ్యాటర్ దాదాపు 27 శాతం. మిగతాది డార్క్ ఎనర్జీ.

ఆ రెండు పేపర్లకూ అప్పుడు ఏ సంబంధమూ లేదు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ రెండు దారులూ ఒకచోట కలిశాయి.

ఢీకొంటే మాయం.. మిగిలేది వెలుగు

ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఎదురుపడితే ఏమవుతుంది? రెండూ మాయమైపోతాయి. వాటి బరువంతా శక్తిగా మారి గామా కిరణాల రూపంలో బయటికి వస్తుంది. సైన్స్‌లో దీన్ని అనైహిలేషన్ అంటారు. గామా కిరణం అంటే వేరే ఏదో కాదు, వెలుగే. కాకపోతే మన కంటికి కనపడే వెలుగు కంటే లక్షల రెట్లు శక్తి ఉన్నది.

అన్నిసార్లూ అవి మాయం కావు. కొన్నిసార్లు ఒకదాన్నొకటి తోసుకుని పక్కకు పోతాయి. ఎంత కోణంలో, ఎంత తరచుగా అలా పోతాయో 1935లో భాభా లెక్క కట్టారు. రెండు కణాలూ ఒకసారి మాయమై మళ్లీ పుట్టే అవకాశాన్ని కూడా ఆ లెక్కలో కలపాలని ఆయన చూపించారు. దాని పేరే భాభా స్కాటరింగ్. ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టించే యంత్రాల్లో ఎన్ని ఢీలు జరిగాయో కొలవడానికి ఈ ఫార్ములానే కొలబద్ద.

ఇప్పుడు డార్క్ మ్యాటర్ దగ్గరికి వద్దాం. దాన్ని సూటిగా చూడలేం. అది వెలుగు ఇవ్వదు, వెలుగును ఆపదు. కానీ డార్క్ మ్యాటర్ కూడా ఒక రకం కణాలే అయితే, అందులో రెండు ఎదురుపడినప్పుడు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ లాగే మాయమై, చివరికి గామా కిరణాలను వదలవచ్చన్నది సైంటిస్టుల అంచనా. అంటే చీకటి పదార్థం తనంతట తాను కనపడకపోయినా, చచ్చిపోయేటప్పుడు ఒక మెరుపు మెరవాలి. ఆ మెరుపు కోసమే వేట.

తారాజువ్వ లెక్క

ఇక్కడే ఒక చిక్కుంది. గామా కిరణం మన గాలిని దాటి నేల దాకా రాదు. మరి నేల మీద నుంచి దాన్ని పట్టేదెలా?

జవాబు 1937లోనే వచ్చింది. జర్మనీ నుంచి వలస వచ్చిన వాల్టర్ హైట్లర్‌తో కలిసి భాభా రాసిన పేపర్ అది. ఎక్కువ శక్తి ఉన్న గామా కిరణం గాలిలోకి రాగానే ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ జంటగా విడిపోతుంది. ఆ రెండూ దూసుకుపోతూ కొత్త గామా కిరణాలను వదులుతాయి. అవి మళ్లీ జంటలవుతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది.. దీపావళి తారాజువ్వ పైకెళ్లి పగిలి, ఆ ముక్కలు మళ్లీ పగిలినట్టు. ఒక్క కణంతో మొదలై వేలకు వేలు పుట్టుకొస్తాయి. శక్తి పంచుకుంటూ పోయి, ఒక స్థాయి కంటే తగ్గాక జువ్వ ఆరిపోతుంది.

దీన్నే కాస్కేడ్ థియరీ అంటారు. అమెరికాలో ఓపెన్‌హైమర్, కార్ల్‌సన్ కూడా అదే ఏడాది విడిగా ఇదే విషయం చెప్పారు. కాస్మిక్ కిరణాల్లో ఒక్కసారిగా గుంపులు గుంపులుగా కణాలు ఎందుకు వస్తున్నాయన్న చిక్కుముడి అలా వీడింది.

ఈ జువ్వలోని కణాలు గాలిలో వెలుగు కంటే వేగంగా పోతుంటాయి. శూన్యంలో వెలుగును మించింది లేదు కానీ, గాలిలో వెలుగు కాస్త నెమ్మదిస్తుంది. ఆ తేడా వల్ల సన్నని నీలి మెరుపు పుడుతుంది. సెకనులో వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులు మాత్రమే అది ఉంటుంది. దాన్ని చెరెంకోవ్ వెలుగు అంటారు. నేల మీద పెద్ద అద్దాల టెలిస్కోప్ పెట్టి ఆ మెరుపును ఫొటో తీస్తే, పైన వచ్చిన గామా కిరణం ఎటు నుంచి వచ్చింది, ఎంత శక్తితో వచ్చింది అన్నది వెనక్కి లెక్కేయవచ్చు. ఆ వెనక్కి లెక్కేయడానికి పునాది భాభా, హైట్లర్ల పేపర్ లాంటివే.

1938లో ఆయన మరో మాట చెప్పారు. కాస్మిక్ కిరణాల్లోని బరువైన కణాలు పుట్టిన కాసేపటికే చచ్చిపోతాయి. కానీ వేగంగా పోయే కణానికి కాలం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి, మనకు అవి ఎక్కువ సేపు బతికినట్టు కనిపించాలని ఆయన అన్నారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి అదొక పరీక్ష. మ్యూయాన్ అనే కణం ఆయుష్షు సెకనులో పది లక్షల వంతుల్లో రెండు వంతులకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన సుమారు 660 మీటర్లు కూడా దాటకూడదు. కానీ పది పదిహేను కిలోమీటర్ల పైన పుట్టి మన అరచేతిని దాటిపోతోంది. కారణం అదే.

సెలవులకు వచ్చారు.. ఉండిపోయారు

1939లో భాభా సెలవులకు ఇండియా వచ్చారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. సర్ సీవీ రామన్ అప్పుడు అక్కడే ఉన్నారు. 1941లో, 31 ఏళ్లకే, భాభా లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

కేంబ్రిడ్జిలో ఆయన చేతిలో ఉన్నది కాగితం, పెన్సిల్. ఇక్కడ ప్రయోగాల వైపు తిరిగారు. కాస్మిక్ కిరణాలను కొలిచే పరికరాలను యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళం విమానంలో సుమారు 30 వేల అడుగుల ఎత్తుకు పంపించారు. ఇవాళ శంషాబాద్ నుంచి వెళ్లే ప్యాసింజర్ విమానాలు ఎగిరే ఎత్తుకు అది దగ్గర దగ్గరే. బెలూన్లకు పరికరాలు కట్టి ఎగరేయడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

యుద్ధం ముగిసే సరికి ఆయన మనసు మారింది. విదేశాల్లో ఉద్యోగం రావడం ఆయనకు కష్టమేమీ కాదు. కానీ ఇక్కడే ఒక మంచి సంస్థ కట్టాలని నిర్ణయించుకున్నారు. 1944 మార్చిలో దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఉత్తరం రాశారు. అణు విద్యుత్ వచ్చే నాటికి నిపుణుల కోసం దేశం బయటికి చూడకూడదని, వాళ్లు ఇక్కడే తయారై ఉండాలని అందులో వాదించారు. హిరోషిమా మీద బాంబు పడటానికి ఏడాది ముందు మాట ఇది. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పుట్టింది. అదే టీఐఎఫ్‌ఆర్.

అక్కడి నుంచి పరుగే పరుగు. 1948లో అణుశక్తి కమిషన్ తొలి చైర్మన్. 1954లో ట్రాంబే కేంద్రం, పద్మభూషణ్. 1955లో జెనీవాలో అణుశక్తిపై జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సుకు అధ్యక్షుడు. 1956లో ఆసియాలోనే తొలి రియాక్టర్లలో ఒకటైన అప్సర. ప్రధాని నెహ్రూకు ఆయన దగ్గరి స్నేహితుడు. అంత అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండటం మీద విమర్శలూ వచ్చాయి. సొంత రీసెర్చ్ మాత్రం క్రమంగా తగ్గిపోయింది. లెక్కలు చేసే భాభా తగ్గి, సంస్థలు కట్టే భాభా పెరిగారు.

హైదరాబాదే ఎందుకు?

టీఐఎఫ్‌ఆర్ టీమ్ బెలూన్ ప్రయోగాలకు ఎంచుకున్న ఊరు హైదరాబాద్. మొదట్లో ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ నుంచి ఎగరేశారు. తర్వాత 1969లో ఈసీఐఎల్ దగ్గర శాశ్వత బెలూన్ కేంద్రం ఏర్పాటైంది.

దీని వెనక సైన్స్ ఉంది. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత శక్తి, అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట గట్టి గోడలా పని చేస్తుంది. తక్కువ శక్తి ఉన్న చార్జ్ కణాలను లోపలికి రానివ్వకుండా తిప్పి పంపేస్తుంది. హైదరాబాద్ ఆ రేఖకు దగ్గర. గామా కిరణానికి చార్జ్ లేదు కాబట్టి ఆ గోడ దాన్ని ఆపదు. అంటే అనవసరమైన రొద తగ్గుతుంది, కావాల్సిన సిగ్నల్ మిగులుతుంది. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద ఒక్కరి గొంతు వినాలంటే ఎంత కష్టమో ఊహించుకోండి. జనం సగం తగ్గితే పని ఎంత తేలికవుతుందో, ఇదీ అంతే.

ఇక్కడి బెలూన్లు 30 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. శంషాబాద్ విమానాల కంటే మూడు రెట్లు పైకి. మధ్యలో విమానాల దారి దాటాలి కాబట్టి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో మాట్లాడుకోకుండా బెలూన్ లేవదు. పని అయ్యాక పరికరాలు పారాచూట్ మీద ఎక్కడో ఒక ఊళ్లో దిగుతాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో ఆకాశం నుంచి వింత వస్తువు పడిందని వీడియోలు వైరల్ అయ్యాయి కదా.. అది ఈ కేంద్రం నుంచి ఎగిరిన ఓ విదేశీ కంపెనీ టెస్ట్ క్యాప్సూలే. ఏలియన్లు కాదు.

మొగల్లు నుంచి వచ్చిన కుడిభుజం

భాభా హైదరాబాద్‌కు ఇచ్చింది బెలూన్లే కాదు. ఆయన టీమ్‌లో ఎలక్ట్రానిక్స్ చూసుకున్నది మన తెలుగాయన. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. 1963లో దేశానికి ఎలక్ట్రానిక్స్ ఎలా కావాలో తేల్చేందుకు భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ రిపోర్ట్ బయటికి వచ్చింది 1966లో. అప్పటికి భాభా లేరు. మరుసటి ఏడాది 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టింది సాంబశివరావే. ఏఎస్ రావు నగర్ అని రోజూ బస్సు బోర్డుల మీద చదివేది ఆయన పేరే.

మాంట్ బ్లాంక్ మీద ఆగిన ప్రయాణం

1966 జనవరి 24. ఢిల్లీలో ఇందిరా గాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిన రోజు. వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి బయల్దేరిన భాభా ఎయిర్ ఇండియా 101 విమానంలో ఉన్నారు. జెనీవాలో దిగాల్సిన ఆ బోయింగ్ 707 ఆల్ప్స్ పర్వతాల్లోని మాంట్ బ్లాంక్‌ను ఢీకొంది. విమానంలో ఉన్న 117 మందీ చనిపోయారు. భాభా వయసు 56. పెళ్లి చేసుకోలేదు.

విమానంలో ఒక నావిగేషన్ పరికరం పని చేయకపోవడం, పర్వతం దాటేశామని పైలట్ పొరబడటం కారణమని అధికారిక దర్యాప్తు తేల్చింది. ఇది కుట్ర అన్న ప్రచారం ఇప్పటికీ యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉంది. దానికి రుజువు మాత్రం ఇంతవరకు రాలేదు. ఆ హిమానీనదం ఇంకా ఆనాటి వస్తువులను బయటికి వదులుతూనే ఉంది. 2012లో దౌత్య ఉత్తరాల సంచి దొరికింది. 2020లో 1966 నాటి భారతీయ దినపత్రికలు దొరికాయి.

ఇప్పుడు వేట ఎక్కడుంది?

శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరుచుకున్న 2008లోనే అమెరికా ఫెర్మీ అనే గామా టెలిస్కోప్‌ను అంతరిక్షంలోకి పంపింది. మన గెలాక్సీ నడిబొడ్డు నుంచి లెక్కకు మించి గామా వెలుగు వస్తోందని దాని డేటాలో తేలింది. అది డార్క్ మ్యాటర్ మెరుపా? లేక వేగంగా తిరిగే పాత నక్షత్రాలు, అంటే పల్సార్ల పనా? ఇప్పటికీ వాదన తెగలేదు. డార్క్ మ్యాటర్ బాగా ఉండి, వేరే రొద తక్కువగా ఉండే చిన్న గెలాక్సీల్లో వెతికితే ఖాయమైన సిగ్నల్ దొరకలేదు. 2025 నవంబర్‌లో టోక్యో యూనివర్సిటీకి చెందిన తొమోనోరి తొతాని, ఫెర్మీ డేటాలో డార్క్ మ్యాటర్‌కు సరిపోయే గామా వెలుగు కనిపించిందని ప్రకటించారు. దాన్ని మిగతా వాళ్లు విడిగా పరీక్షించి ఔననాలి. అప్పటిదాకా అది ఒక వాదనే.

ఈ వేటలో ఇండియా పెద్ద పరికరం పేరు మేస్. లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. అద్దం వెడల్పు 21 మీటర్లు, బరువు సుమారు 180 టన్నులు. ఆసియాలో ఈ రకంలో ఇదే పెద్దది. భాభా పేరు పెట్టుకున్న బార్క్ ఆధ్వర్యంలో దీన్ని తయారు చేసింది మన ఈసీఐఎల్. ముందు హైదరాబాద్‌లోనే బిగించి చూసి, తర్వాత విప్పి లద్దాఖ్‌కు తరలించారు. 2024 అక్టోబర్ 4న ప్రారంభమైంది. దాని లక్ష్యాల్లో డార్క్ మ్యాటర్ గామా కిరణాల వెతుకులాట కూడా ఉంది.

రాత్రి పూట ఆ అద్దాల మీద పడే ప్రతి నీలి మెరుపునూ కంప్యూటర్లు కణాల జువ్వగా చదువుతాయి. ఎక్కడ పుట్టింది, ఎంత శక్తితో వచ్చింది అని వెనక్కి లెక్కేస్తాయి. వాటిలో ఎక్కువ మామూలు కాస్మిక్ కిరణాలే. ఏదో ఒకటి డార్క్ మ్యాటర్ నుంచి వచ్చిందని తేలిందా, 1933లో జ్వికీ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. తేలకపోయినా పని వృథా కాదు. డార్క్ మ్యాటర్ ఏది కాదో ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వెళ్లడమే ఈ వేట. ఆ పనికి 27 ఏళ్ల వయసులో భాభా కట్టిన లెక్క ఇంకా వాడుకలోనే ఉంది.